దసరా నాడు ఆగిన అంతరిక్ష యుద్ధం

భక్తి ఉన్నచోట అబద్ధం ఎట్లా నిలుస్తుందన్న అనుమానం నాకు చాలా ఏళ్లుగా ఉంది. తాండూరు కేసు దాన్ని తీర్చలేదు, పెంచింది.

1985లో దసరా వెళ్లిన మూడో రోజు, హాజిరాబీ వికారాబాద్‌లోని ప్రైవేట్ డిటెక్టివ్ నర్సింహులు గదికి వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. ఆమె కొడుకు మునీర్ తాండూరులో ఒక వీడియో గేమ్ దుకాణంలో పనిచేస్తాడు. మిషన్ లోపల ఆటను నడిపే సర్క్యూట్ బోర్డు మాయమైంది. పొద్దుగూకేలోగా తెచ్చివ్వకపోతే పోలీసులకు అప్పజెప్తామని దుకాణం యజమానులు అన్నారు.

"వాడు తియ్యలే సారు," అంది.

నర్సింహులు మోకాళ్లు పట్టుకుని లేచాడు. ఇలాంటి తల్లులను చూసీ చూసీ అలసిపోయాడు. సహాయకురాలు మార్త మాత్రం అప్పటికే చెప్పులేసుకుంది. ఆయన కదిలితే కేసు తేలినట్టేనని ఆమె నమ్మకం.

దుకాణం ఒక్క గది, అందులో ఒక్క మిషన్. ఆటలో కింద చిన్న ఓడ ఉంటుంది, పైనుంచి పురుగుల్లాంటి శత్రువులు వరుసలుగా దిగుతారు. ఎన్ని కాల్చినా ఇంకో వరుస వస్తుంది. ఇప్పుడు తెర నల్లగా ఉంది. మిషన్‌కు వేసిన బంతిపూల దండ వాడిపోయింది.

దుకాణం ఇద్దరిది. అనంతయ్య నుదుట విభూతి, మాట మెత్తన. పండుగ పొద్దున ఆయుధపూజ తానే చేశానన్నాడు. మిషన్ వెనక తలుపు తీసి, బోర్డుకు దణ్ణం పెట్టి, తాళం వేసి, తన పిండిగిర్నీలో చేసినట్టే తాళానికీ గంధం, కుంకుమ పెట్టాడట. ముందురోజు నుంచి తన దగ్గరున్న ఒకే ఒక తాళంచెవిని పూజయ్యాక మునీర్‌కిచ్చాడట. పండుగనాడు మిషన్ నడపరు. రాత్రి మునీర్ ఒక్కడే లోపల పడుకున్నాడు.

రెండో భాగస్తుడు గులాం నబీ విసుగ్గా ఉన్నాడు. మర్నాడు స్విచ్ వేస్తే తెర వెలగలేదు, వెనక తలుపు తీద్దామంటే తాళంలోకి చెవి దూరలేదు. రంధ్రంలో ఎండిన గంధాన్ని తానే అగ్గిపుల్లలతో పొడిచి తీసి తలుపు తెరిస్తే, లోపల బోర్డు లేదు.

"గంధం గాదు భాయ్, సిమెంటు. కరణ్‌కోటల సిమెంటు ఫ్యాక్టరీ కట్టేటోళ్లు జూస్తే కొనుకపోతరు," అన్నాడు.

నర్సింహులు అందరినీ బెంచీ మీద కూర్చోబెట్టాడు.

"అనంతయ్యా, మీరు గంధం పెట్టినంక తలుపెవరు తెరిశిన్రు?"

"ఇంకెవరు, గీ పోరడే."

"తెరవాల్నంటే గంధం పొడవాలె. తెల్లారేదాక అది గట్టిగనే ఉండె. బోర్డు ఎత్తుకపోయేటోడు కూసొని మళ్ల గంధం నూరుతడా?"

"అంటే తాళం పడ్డప్పుడే లోపల బోర్డు లేదు," అంది మార్త మెల్లగా.

అనంతయ్య తల దించుకున్నాడు. మోమిన్‌పేటలో బామ్మర్ది మిషన్ బోర్డు కాలిపోయిందట. పండుగ జనానికి నడుపుకుని మర్నాడు తెల్లారేసరికి తెచ్చిస్తానని, పండుగ ముందురోజే వచ్చి ఈ బోర్డు పట్టుకుపోయాడట. తేలేదు. భాగస్తుడికి చెప్పడానికి ముఖం చెల్లక, నెపం మునీర్ మీదకు నెట్టాడు.

"మరి ఖాళీ మిషన్‌కు బొట్టెందుకు పెట్టిన్రు?" అని మార్త అడిగింది.

"పండుగనాడు పెట్టకుంటే ఎట్లమ్మా?" అన్నాడు అనంతయ్య, నిజంగానే అర్థంకాక.

బోర్డు మర్నాటి బస్సులో వచ్చింది. మునీర్ బిగించాడు, తెర వెలిగింది. గులాం నబీ తప్పైందని అనలేదు. మూడేళ్ల కింద మునీర్‌ను పనిలో పెట్టుకున్ననాడు ఒక ఆట ఆడనిస్తానని మాటిచ్చాడు. మిషన్ ముందు ఎప్పుడూ ఎవరో ఒకరు నిలబడే ఉండడంతో ఆ మాట అట్లాగే ఉండిపోయింది. ఇప్పుడు జేబులోంచి రూపాయి తీసి మిషన్‌లో వేశాడు.

"ఆడు బేటా."

హాజిరాబీ బెంచీ మీద కూర్చుని, కొడుకు భుజం మీదుగా దిగుతున్న వరుసలను చూసింది.