మూత బిగించిన ఫ్లాస్కు

“నువ్వు ల్యాబ్‌లో గాజుసామాను కడగాలి,” అన్నాడు చీఫ్.

డేగకు ఒళ్లు మండింది. మూడు దేశాల్లో వేషాలు మార్చి, కదిలే రైలు కప్పు మీద కొట్లాడిన ఏజెంట్ ఇప్పుడు బీకర్లు తోమాలా?

“ఆ ల్యాబ్ హెడ్ మీ అక్క. కరెంటును కాస్త కూడా వృథా కానివ్వని స్ఫటికం తయారుచేసింది. ఆ కిటుకు ఆవిడ బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు. విదేశీ ముఠా స్ఫటికాన్ని కొట్టేసి, ఆవిడని లేపేయాలని చూస్తోంది. ముఠా నుంచి మనవైపు తిరిగిన ఫిజిసిస్టు ఒకామె అక్కడికి వస్తుంది. కోడ్‌నేమ్ వెన్నెల. నీ సంగతి మాత్రం అక్కకి తెలియకూడదు. అది ఆర్డర్.”

అక్కకు తెలిసిందల్లా తమ్ముడికి ఏ ఉద్యోగమూ నిలవదని. జాలిపడి చేర్చుకుంది. మొదటిరోజే అతను ద్రవ నైట్రోజన్ ఫ్లాస్కు మూత గట్టిగా బిగించి, అందరి ముందూ చీవాట్లు తిన్నాడు.

“ఒరేయ్, అది లోపల మరుగుతూనే ఉంటుందిరా! ఆవిరి పోయే దారి లేకపోతే బాంబే! మూత వదులుగా పెట్టాలి.”

మర్నాడు గ్లవ్స్‌తో తలుపు పిడి పట్టుకున్నాడు. మళ్లీ అక్షింతలు. గ్లవ్స్‌కున్న రసాయనం పిడికి, పిడి నుంచి పదిమంది చేతులకి అంటుతుందట. గోరుచుట్టు మీద రోకటిపోటులా, పెన్ కెమెరా యాసిడ్ ఆవిరికి చచ్చింది. చొక్కా గుండీలోని మైకు పక్కగదిలో పెద్ద అయస్కాంతం ఆన్ చేసినప్పుడల్లా గుయ్యిమంటోంది.

అప్పుడొచ్చింది వెన్నెల. హైహీల్స్, ఎర్రటి లిప్‌స్టిక్, గది దాటినా వదలని సెంటు.

“పగలు చుక్కలు కనిపిస్తాయా?” అంది మెల్లగా.

“మా చీఫ్ చూపిస్తాడు,” అన్నాడు డేగ. కోడ్ కలిసింది.

కానీ మధ్యాహ్నం ఆమె గ్లవ్స్ వేసుకునే తలుపు తీసింది. ఒకసారి కాదు, వచ్చిన ప్రతిసారీ. ఏళ్ల తరబడి ల్యాబుల్లో బతికిన ఫిజిసిస్టు చేసే పనేనా అది? బాత్రూంలో దూరి మైకులో చీఫ్‌కి చెప్పాడు.

“కోడ్ సరిగ్గా చెప్పింది కదయ్యా! గ్లవ్స్ చూసి మనుషుల్ని అనుమానిస్తావా? వెళ్లి బీకర్లు కడుక్కో!”

పళ్లు కొరుక్కుంటూ తిరిగొచ్చాడు. అక్క మైక్రోస్కోపు మీదికి వంగి ఉంది. ఆమె మోచేతి పక్కన ఫ్లాస్కు. మూత చివరిదాకా బిగించి ఉంది. వరండాలో హైహీల్స్ చప్పుడు వేగంగా దూరమవుతోంది.

అంతా అర్థమైంది. ఫ్లాస్కు పేలితే, ఆ మొద్దు తమ్ముడే మళ్లీ బిగించాడని లోకమంతా నమ్ముతుంది!

ఫ్లాస్కు టిక్కుమంది. డేగ దాన్ని లాక్కుని, కిటికీ అద్దం పగిలేలా పెరట్లోని ఖాళీ తొట్టిలోకి విసిరి, అక్కని కిందికి తోశాడు. ఢామ్మని తొట్టి రెండుగా చీలింది.

“గేటు మూసేయండి! ఆడమనిషిని ఆపండి!” చెవులు గింగురుమంటున్న అక్కకి వినపడకుండా మైకులో గొణిగాడు. అదృష్టం, మైకు గుయ్యిమనలేదు. గేటు దగ్గర దొరికిన నకిలీ వెన్నెల లిప్‌స్టిక్ గొట్టంలో స్ఫటికం ఉంది.

అక్క ఒళ్లు దులుపుకుని లేచింది.

“మళ్లీ బిగించావా? ఇద్దరం చచ్చేవాళ్లం కదరా!”

డేగ నోరు తెరిచాడు. ఆర్డర్ గుర్తొచ్చింది. మూసుకున్నాడు.

“పొరపాటైందక్కా.”

“ఇంక నావల్ల కాదు. రేపట్నుంచి రాకు,” అంటూనే అతని జుట్టులోని గాజుముక్కలు ఒక్కొక్కటే ఏరింది. అతనికి ఏడుపొక్కటే తక్కువ.

సాయంత్రానికి స్ఫటికం గుట్టుగా మళ్లీ అక్క సొరుగులోకి చేరింది. అసలు వెన్నెల ముఠా నేలమాళిగలో ప్రాణాలతో దొరికింది.

“సెభాష్!” అన్నాడు చీఫ్. “నువ్వు గూఢచారివని మీ అక్కకి అనుమానం రాలేదు కదా?”

“పనికొచ్చేవాడినన్న అనుమానం కూడా రాలేదు సార్!”