తలకిందులుగా విన్న మాట

"మీ తిబో రువాన్ వెళ్లొచ్చాడటగా?"

స్కేట్ల లేసులు బిగించుకుంటున్న సోలెన్ తలెత్తలేదు. "వాళ్ల పిన్ని ఉండేది అక్కడే. వెళ్లుంటాడు."

"పిన్నిని చూడ్డానికి ఎవరైనా స్కేట్లు పట్టుకెళ్తారా?" అప్పుడే తన డాన్స్ ముగించుకొచ్చి, లిప్‌స్టిక్ దిద్దుకుంటూ అద్దంలోంచే నవ్వింది క్లోతిల్ద్. "అక్కడ ఒకమ్మాయి కొత్త పార్ట్‌నర్ కోసం చూస్తోంది. దానితో గంటసేపు డాన్స్ చేశాడు. మా అక్క కళ్లారా చూసింది."

సోలెన్ చేతిలో లేసు పుటుక్కున తెగింది.

జోడీ ఉన్నవాడు ఇంకో అమ్మాయి దగ్గరికి ట్రయల్‌కి వెళ్లాడంటే ఐస్ డాన్స్‌లో దానికి ఒకటే అర్థం. పాత జోడీకి రోజులు దగ్గరపడ్డాయని. చిన్నప్పటి నుంచీ సోలెన్ పట్టుకున్నది తిబో ఒక్కడి చెయ్యే. ఇవాళ గ్రెనోబుల్‌లో జాతీయ పోటీల ఆఖరి డాన్స్. నిన్నటి డాన్స్ అయ్యేసరికి వాళ్లే మొదటి స్థానంలో ఉన్నారు. మొదటి రెండు జోడీలకే ప్రపంచ పోటీల్లో చోటు. ఇంతా చేసి, ఇవాళే ఈ మాట వినాలా?

కొత్త లేసు ఎలా ఎక్కించుకుందో ఆమెకే తెలియదు. బయటికొచ్చేసరికి కారిడార్‌లో గోడకు కాలు ఆనించి ఒళ్లు సాగదీస్తున్నాడు తిబో.

"రువాన్‌లో పెళ్లిచూపులు బాగా జరిగాయా?"

అతని కాలు సర్రున జారింది. "నీకెవరు చెప్పారు?"

అబద్ధమంటాడనుకుంది. అనలేదు.

"అంటే నిజమేనన్నమాట!"

"డాన్స్ అయ్యాక అన్నీ చెప్తా సోలెన్. కంగారుపడకు, నీక్కూడా ఒకణ్ణి చూసిపెట్టాను. అన్సీలో ఉంటాడు. పొడుగరి, అమ్మాయిని గాల్లోకెత్తే లిఫ్టులు బాగా చేస్తాడు..."

"నాకు సంబంధం కూడా చూశావా!"

అతను నోరు తెరిచేలోపే మైకులో ఆఖరి జోడీగా వాళ్ల పేర్లు వినిపించాయి. కోచ్ వోషే మేడమ్ బొచ్చు కోటు ఊపుకుంటూ వచ్చి ఇద్దర్నీ గేటు వైపు తోసింది.

మంచు మీదికి దిగేవాళ్లకు ఇక్కడెవరూ శుభం జరగాలని చెప్పరు. అది అపశకునం. "పెంట!" అంటారు. ఆ మాటకు జవాబివ్వకూడదు. థాంక్స్ చెబితే అదృష్టాన్ని తిప్పి పంపినట్టే.

"పెంట!" అన్నాడు తిబో, ఎప్పటిలాగే ఆమె చెవి దగ్గర.

"చాలా థాంక్సండీ," అంది సోలెన్.

గేటు దగ్గరున్న వాళ్లంతా కొయ్యబారిపోయారు. క్లోతిల్ద్ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వోషే మేడమ్ మొహం మంచుకన్నా తెల్లబడింది. "పిచ్చిదానా, ఏమన్నావే?"

సమాధానం చెప్పే వ్యవధి లేదు. అకార్డియన్ మోగింది.

డాన్స్ మొదలైంది. ఆమె నడుం మీద అతని చెయ్యి, అతని భుజం మీద ఆమె చెయ్యి. ఇద్దరి మొహాల మీదా జడ్జీల కోసం అతికించుకున్న నవ్వు.

"నా భుజంలో గోళ్లు దించుతున్నావు," పళ్ల సందులోంచి అన్నాడు.

"దిగనీ. రువాన్ అమ్మాయి మందు రాస్తుందిలే."

"నవ్వవే బాబూ, జడ్జీలు చూస్తున్నారు."

"నవ్వుతూనే ఉన్నా. నేనేం తక్కువ చేశానో చెప్పు."

"నువ్వేం తక్కువ చెయ్యలేదు."

"మరెందుకు?"

"అయ్యాక చెప్తానన్నాగా!"

"ఇప్పుడే చెప్పు. లేకపోతే లిఫ్టుకి రాను."

తిబో పట్టు బిగించాడు. ఆమె అన్నంత పనీ చేసే మనిషి. అవతల జనం చప్పట్లు కొడుతున్నారు. ఆ కోపాన్ని వాళ్లు ప్రేమావేశమనుకుంటున్నారు.

లిఫ్టు రానే వచ్చింది. ఆమె ఆగలేదు, అలవాటుకొద్దీ అతని చేతుల్లోకి ఎగిరింది. అతను గిర్రున తిప్పాడు. ఆమె తల కిందికి, కాళ్లు పైకి. లోకమంతా తిరుగుతుండగా అతని గొంతు స్పష్టంగా వినిపించింది.

"నువ్వంటే ప్రేమ కాబట్టి!"

కిందికి దిగిన సోలెన్‌కి మంచు ఎటుందో, కప్పు ఎటుందో తెలియలేదు. తర్వాత చెయ్యాల్సింది ట్విజిల్. ఒంటికాలి మీద బొంగరాల్లా తిరుగుతూ ఇద్దరూ పక్కపక్కనే సాగాలి. తిబో తిరిగాడు. సోలెన్ తిరగబోయి, తూలి, రెండో కాలు మంచుకు ఆనించింది.

హాలంతా "అయ్యో" అంది.

మిగతా డాన్స్ ఎలా పూర్తి చేసిందో ఆమెకు గుర్తులేదు.

స్కోరు కోసం ఎదురుచూసే బల్ల మీద వోషే మేడమ్ ఎప్పటిలా ఇద్దరి మధ్యా కూలబడింది. "నిద్రలో కూడా చేస్తావు కదే ట్విజిల్! ఏం పుట్టింది నీకు?"

"వీడు నన్ను ప్రేమిస్తున్నానన్నాడు మేడమ్! లిఫ్టులో!"

ఆ మాట హాలు స్పీకర్లన్నిట్లోంచీ మోగింది. టీవీ వాళ్ల మైకు బల్ల కిందే ఉంది. వేలమంది జనం ఒక్క క్షణం గుడ్లప్పగించి, మరుక్షణం ఈలలు వేశారు.

మేడమ్ చెయ్యి గుండె మీదికి వెళ్లింది. "లిఫ్టులోనా? దానికి వేరే చోటే దొరకలేదురా?"

"అడిగింది కదా, చెప్పాను," గొణిగాడు తిబో. అతని చెవులు ఎర్రబడ్డాయి. "రూలు మీరే పెట్టారు కదా మేడమ్. జోడీలో ప్రేమ పనికిరాదు, ప్రేమ కావాలంటే జోడీ వదిలెయ్యాలని. అందుకే ఈ పోటీ అయ్యాక వదిలేద్దామనుకున్నా. డాన్స్ ఎవరితోనైనా చేస్తాను. తను లేకుండా ఉండలేను."

వోషే మేడమ్ అతన్ని ఎగాదిగా చూసింది.

"ఆ రూలు పెట్టినప్పుడు నీకు పన్నెండేళ్లురా గాడిదా! ఇంతెత్తు పెరిగావు. ఇంకా పాటిస్తున్నావా?"

తిబో బుర్ర గోక్కున్నాడు. "మీరు... రద్దు చేసినట్టు చెప్పలేదు కదా మేడమ్?"

హాలు గొల్లుమంది. సోలెన్ మాత్రం నవ్వలేదు. మేడమ్ మీదుగా ముందుకు వంగి, అతని కళ్లలోకి చూసింది.

"ఆ రువాన్ అమ్మాయికి ఫోన్ చెయ్యి."

"ఏమని?"

"రావడం లేదని. ఇక ఎప్పటికీ రానని. అన్సీ వాడికి కూడా చెప్పు, నన్ను లిఫ్టుల్లో ఎత్తేవాడు ఉన్నాడని."

తిబోకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక అతని కళ్లలో నీళ్లు నిండాయి. అదే సమయానికి బోర్డు మీద అంకెలు వెలిగాయి. క్లోతిల్ద్ జోడీ పైన ఉంది. వీళ్ల పేర్లు దాని కిందే, మూడో జోడీకన్నా వెంట్రుకవాసి పైన. ఇద్దరిలో ఒక్కరూ అటు చూడలేదు.

వోషే మేడమ్ చూసింది. కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ చూసింది. తర్వాత ఇద్దరి మధ్య నుంచి లేచి, బల్ల చివరికెళ్లి కూర్చుంది.

"రెండో స్థానం. ప్రపంచ పోటీలకు వెళ్తున్నాం," అంది. "ఇక ఆ ముద్దేదో పెట్టుకోండి. లేకపోతే ఈ జనం ఇళ్లకు పోయేలా లేరు."