పన్నెండు కమాన్ల బిల్డింగు తాళం

ఇంతకుముందు నేను ఏదీ రాసింది లేదు. ఐదో తరగతితోనే బడి ఆగింది. తప్పులుంటే ఏమనుకోకుండ్రి. ఇది బిక్షమ్మ సంగతి. చెప్పినంతసేపు ఆమె నా ముఖం చూడలేదు.

పాలమూరు బజార్ల పన్నెండు కమాన్ల బిల్డింగు ఉన్నది. నిజాం కాలంల ఒక పల్లికాయ సేటు కట్టించిండట. కింద రాతి కమాన్లు, షాబాదు బండలు. టేకు మెట్లెక్కితే పైన చుట్టూ వరండా, వరుసగా అర్రలు. ఒకప్పుడు బస్తాలు పేర్చిన జాగాల ఇప్పుడు చీరల దుకాండ్లు. వీధి దిక్కు కిటికీలను ఫ్లెక్సీలతో కప్పేసిండ్రు, పైన పట్టపగలే చీకటి. గోడలు రెండు మూరల మందం. లోపల మొత్తుకున్నా బయటికి వినపడదు.

అక్కడ ఊడ్చి తాళమేసేది బిక్షమ్మ. అంతకుముందు ఆమె అత్త. అత్త పోతూ ఒక్కటే చెప్పింది: "కింద నిలబడి పిలవకు బిడ్డా. ఎక్కి, అర్ర అర్ర చూసి రా."

ఎందుకో చెప్పలేదు.

ఆ ఆదివారం దుకాండ్లు బంద్. పై అర్రల మిషను పెట్టుకున్న మల్లిక ఒక్కతే పెండ్లి జాకెట్లు కుడుతాంది. పొద్దున మెట్లెక్కుతూ పరాచికమాడింది కూడ: "నన్ను మర్చిపోయి తాళమేసేవు అక్కా, మా ఆయనకు అన్నం వండుకొనుడు రాదు!"

పొద్దుగూకే యాళకు వాన పట్టింది. మిషను చప్పుడు ఎప్పుడో ఆగింది. పోయిందేమో అనుకున్నది బిక్షమ్మ. మోకాళ్లు సలుపుతున్నయి. మెట్ల దిక్కు చూసింది. ఎక్కబుద్ధి కాలేదు.

పిలిచింది.

"పైన ఎవరన్న ఉన్నరా?"

తడి చెక్క వాసన. పైన ఎవరో కాలు మార్చి నిలబడ్డట్టు చిన్న చప్పుడు...

"ఎవ్వరు లేరక్కా."

మల్లిక గొంతే. కానీ అందుల నవ్వు లేదు. ఊపిరి లేదు...

బిక్షమ్మ కరెంటు బంద్ చేసింది. తలుపు గుంజింది. తాళమేసింది. ఉరికింది.

ఎనిమిదింటికి మల్లిక మొగుడు నరేష్ ఫోను.

"అక్కా, మల్లిక ఇంకా రాలేదు. ఫోన్ గూడ బంద్ వస్తాంది. పైకెక్కి చూసే తాళమేసినవా?"

"చూసిన తమ్మీ. అర్ర అర్ర చూసిన. ఎవ్వరు లేరు."

పైనుంచి విన్న మాటే తన నోట్లెనుంచి పడ్డది. నరేష్ ఆమె మాట నమ్మి బస్టాండు, దవాఖాన, ఠాణా తిరిగిండు. తాళంచెవి గుప్పిట్ల పట్టుకొని ఆమె తెల్లారేదాక గోడ దిక్కు తిరిగి పండుకున్నది. నిజం చెప్తే నలుగురిల ఏం ముఖం పెట్టుకోవాలె?

తెల్లారి పోయి తలుపు తీసింది. కింది మెట్టు మీద మల్లిక, మోకాళ్లు దగ్గరికి ముడుచుకొని.

"నువ్వు పిలిస్తే ఉన్నా ఉన్నా అని మొత్తుకున్న అక్కా. నా వెనుకనుంచి ఎవరో నా గొంతుతోని లేరన్నరు. మెట్లు దిగేలోపల తాళం పడ్డది." తలెత్తి అడిగింది, "నువ్వెందుకు ఎక్కి చూడలేదు?"

బిక్షమ్మ ఆమెను ఆటో ఎక్కించి, వచ్చి మెట్లెక్కింది.

పై మెట్టు పక్క గోడకు, నడుము ఎత్తుల, నిన్న లేని గోళ్ల గీతలు. వరుసలు వరుసలు. ఇప్పుడే ఆటో ఎక్కిన మల్లిక గోళ్లు ఒక్కటి కూడ విరగలేదు, రంగు గూడ పోలేదు...

"అక్కా!" కింద నరేష్ గొంతు. మెట్లెక్కి వస్తుండు.

చూస్తడని బిక్షమ్మ కొంగుతోని గబగబ తుడిచింది. వందేండ్ల గోడ... సున్నం మెత్తగా చెరిగిపోయింది. వేళ్లకు మనిషి ఒళ్లు లెక్క గోరువెచ్చగ తగిలింది.