ఎక్కడికని అడగని కార్డు

ఆ ఇంట్లో పొద్దున్నపూట అందరికీ ఒకేసారి అద్దం కావాలి. ఉన్నదేమో ఒకటే, అదీ వాష్ బేసిన్ పైన. అబ్బాయి గడ్డం గీసుకుంటుంటే అతని మోచేతి కింద నుంచి కోడలు జడ వేసుకుంటుంది. ఆమె నడుం దగ్గర నిలబడి పాప పేస్టు నురగ ఊస్తుంది. అత్తగారికి మాత్రం అద్దంతో పని లేదు. అందరికంటే ముందే తయారై, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, తలుపు పక్క స్టూలు మీద కూర్చుని వీళ్ల హడావుడి చూస్తూ ఉంటుంది. అది కాస్త సద్దుమణిగాక లేచి చెప్పుల్లో కాళ్లు పెడుతుంది.

"వెళ్లొస్తా" అంది ఆ రోజు కూడా.

"ఎక్కడికమ్మా?" అన్నాడు అబ్బాయి నురగ మొహంతో.

"ఊరికే."

"ఊరికే అనే స్టాపు ఏ రూట్లో ఉందో!"

"బస్సు ఆఫీసులో పనిచేసే నీ పెళ్లాన్నడుగు" అని ఆవిడ మెట్లు దిగిపోయింది.

అబ్బాయి పకపకా నవ్వాడు. కోడలు నవ్వలేదు. జడ రబ్బరు వెతుక్కునే నెపంతో పక్కకి తప్పుకుంది. ఇవాళో రేపో అత్తగారి కార్డు బస్సులో పనిచేయదని ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు. ఆ సంగతి చెబుదామని రోజూ అనుకుంటుంది, రోజూ జడ వేసుకుంటుంది.

ఆమెది బస్సు పాసుల ఆఫీసులో రెండో కిటికీ. ప్రభుత్వ ఆరోగ్య బీమాలో పేరున్నవాళ్లకి బస్సులో సగం ఛార్జీ. సొంత రాబడి లేనివాళ్లకే ఆ బీమా దొరుకుతుంది కాబట్టి, బస్సువాళ్లు మళ్లీ ఎవరి కష్టాలూ తవ్వకుండా బీమా ఉందో లేదో మాత్రం చూసుకుంటారు. మనిషి నంబరు చెబుతాడు, ఆమె కంప్యూటర్లో కొడుతుంది. ఉంటే పచ్చ చుక్క, లేకపోతే ఎర్ర చుక్క. రోగమేమిటో, ఇల్లెక్కడో, ఇంట్లో ఎవరితో పడుతోందో ఆ తెర మీద కనబడవు. ఎర్ర చుక్క వచ్చినవాళ్లకి చెప్పే మాట ఆమెకి నిద్రలో లేపినా వచ్చేస్తుంది. "ఇంకో బీమాలో చేరితే ఇది దానంతటదే పోతుందండీ. చేరకముందే చూసుకోవాల్సింది."

అంత తెలిసిన మనిషే సొంత అత్తగార్ని ఇంకో బీమాలో చేర్చింది.

జరిగిందేమిటంటే, ఆ మధ్య అత్తగారు మెట్ల మీద కళ్లు తిరిగి కూలబడింది. అబ్బాయికి కాళ్లూ చేతులూ ఆడలేదు. అతను లిఫ్టులు బాగుచేసే మనిషి. లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్లని బయటికి లాగడంలో అతనికి మంచి పేరుంది. ఇంట్లో ఎవరు ఎక్కడ ఇరుక్కున్నారో మాత్రం చచ్చినా అంతుపట్టదు. "మీ ఆఫీసు బీమాలో అత్తమామల్ని కూడా చేర్చొచ్చు కదా? చేర్చెయ్. అమ్మని ప్రైవేటు పెద్దాసుపత్రిలో చూపిద్దాం" అని పెళ్లాం వెంటబడ్డాడు. ఆమె చేర్చింది. ప్రభుత్వ బీమా పోతుందనీ, దాంతోపాటే సగం ఛార్జీ పోతుందనీ తెలిసే చేర్చింది. అత్తగారు కూరల చిల్లరలో మిగుల్చుకునే డబ్బులు పూర్తి ఛార్జీకి చాలవనీ తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే, బడి వదిలాక పాపని చూసుకునే ఆవిడ సరిగ్గా ఆ వారమే పని మానేసింది. అత్తగారు ఇంటిపట్టున ఉంటే బాగుండునని కోడలి మనసులో ఒక మూల పీకుతూనే ఉంది. ఉండమని అడిగే ధైర్యం లేదు. బస్సు దానంతటదే ఆగిపోతే తను అడిగినట్టు కాదు. మనుషులు తమని తాము మోసం చేసుకోవడంలో ఎంత తెలివిగా ఉంటారో!

ఆ రోజు మధ్యాహ్నం వరసలో ఐదారుగురి వెనక అత్తగారు కనబడింది. ఆవిడ అరవలేదు, ముందుకు తోసుకు రాలేదు. అందరిలాగే తన వంతు వచ్చేదాకా నిలబడి, కిటికీ అద్దం కింది సందులోంచి కార్డు లోపలికి నెట్టింది.

"బస్సులో పనిచేయట్లేదమ్మాయ్. డ్రైవరు పాపం దిగమన్లేదు. నేనే దిగాను."

ఇంట్లోవాళ్ల కార్డులు ముట్టుకోకూడదని ఆఫీసు రూలు. కోడలు నోరు తెరిచేలోగా మూడో కిటికీ ఆయన చెయ్యి చాచి కార్డు అందుకున్నాడు. అతన్ని ఆఫీసులో అందరూ స్టాంపు అంటారు. స్టాంపులు కొట్టే రోజులు పోయినా, ప్రతి పని చివరా బల్ల మీద అరచేత్తో గట్టిగా ఒకటి చరిచే అలవాటు అతనికి పోలేదు.

"మీ అత్తగారా? నేను చూస్తాలే" అంటూ నంబరు కొట్టాడు. "ఎర్ర చుక్కమ్మా. మీ పేరు ఇంకో బీమాలోకి మారింది. అందుకని ఇది పోయింది."

"నేనేమీ మార్చలేదు నాయనా."

"మీరు కాకపోతే మీవాళ్లెవరో మార్చి ఉంటారు. ఇంటికెళ్లి కనుక్కోండి" అని బల్ల మీద చరిచాడు.

అత్తగారు కోడలి వైపు చూసింది. కోడలు కంప్యూటర్ వైపు చూసింది. అందులో చూడ్డానికి ఏమీ లేదు.

"ఇంటికి ఎన్నో నంబరు బస్సెక్కాలి?" అనడిగింది అత్తగారు. ఆవిడకి తెలియక కాదు. ఏదో ఒకటి మాట్లాడు అన్నట్టు అడిగింది.

"ఛార్జీకి డబ్బులిస్తానుండండి అత్తయ్యా..."

"వద్దులే. నడుస్తా."

సాయంత్రం ఇంట్లో అబ్బాయి సంగతంతా విని తేలిగ్గా తీసుకున్నాడు. "దీనికింత బాధ దేనికమ్మా! పెద్దాసుపత్రి బీమా వచ్చింది, సంతోషించాలి గానీ. బస్సు డబ్బులు నేనిస్తా. ఎక్కడికెళ్లాలో చెప్పు, ఎంతవుతుందో ఇచ్చేస్తా."

"ఎక్కడికో చెప్పాలా?"

"చెప్పకపోతే ఎంతివ్వాలో నాకెలా తెలుస్తుంది?"

"వద్దులే నాన్నా. నాకక్కడ పనేం లేదు" అని చేతిసంచి గోడకున్న మేకుకి తగిలించింది.

ఆ సంచి మళ్లీ కిందికి దిగలేదు. 'వెళ్లొస్తా' అనే మాట ఆ ఇంట్లో వినబడలేదు. కోడలు కోరుకున్నవన్నీ ఒక్కొక్కటే జరిగాయి. పాప బడి నుంచి వచ్చేసరికి నానమ్మ గుమ్మంలో ఉంటోంది. బట్టలు ఆరి, మడతపడి ఉంటున్నాయి. వంట వేడిగా ఉంటోంది. "చూశావా, అమ్మకి ఎంత విశ్రాంతిగా ఉందో" అని అబ్బాయి మురిసిపోయాడు. కోడలికి మాత్రం ముద్ద దిగేది కాదు. ఇంటికొచ్చి తలుపు తీయగానే ఆవిడ వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఉండేది. మూడో అంతస్తు నుంచి చూస్తే ఆ కిటికీలోంచి బస్సుల కప్పులు మాత్రమే కనిపిస్తాయి. వచ్చేదేదో పోయేదేదో ఆవిడ కప్పుల మీది నంబర్లు చూసి చెప్పేది, ఎవరూ అడక్కపోయినా.

ఉక్రోషం తెచ్చుకుని ఒక్క మాటన్నా బాగుండేది. ఆవిడ ఏమీ అనేది కాదు. "కూర సరిపోయిందా?" అనేది. ఆ మాటకి కోడలు లోపల్లోపలే చచ్చిపోయేది.

ఒక సాయంత్రం ఆమె వచ్చేసరికి తలుపు ఓరగా వేసి ఉంది. ముందుగదిలో కుర్చీలన్నీ ఒకదాని వెనక ఒకటి పెట్టి ఉన్నాయి. ముందు కుర్చీలో పళ్లెం పట్టుకుని పాప డ్రైవరు. వెనక కుర్చీలో నానమ్మ. ఒళ్లో చేతిసంచి! మేకు మీంచి దిగిందన్నమాట, ఆటకోసం.

"ఎక్కడికెళ్లాలి నానమ్మా?"

"అడక్కూడదమ్మా. డ్రైవరు అడగడు."

"మరి ఎలా తీసుకెళ్లాలి?"

"నువ్వు పోతూ ఉండు. నాకు దిగాలనిపిస్తే దిగుతా."

కోడలు గుమ్మంలోనే నిలబడిపోయింది. పెళ్లయిన ఇన్నేళ్లలో అత్తగారు కూర్చున్న కుర్చీ ఏదీ ఆవిడది కాదని అప్పుడు తట్టింది. ఒకటి అబ్బాయిది, ఒకటి పాప హోంవర్కుది, ఒకటి బట్టలు మడతపెట్టుకునేది. అందుకే ఆవిడ తలుపు పక్క స్టూలు మీద కూర్చునేది. బస్సులో ఎక్కితే మాత్రం కూర్చున్న సీటు ఆవిడదే. లెమ్మనేవాళ్లు లేరు.

అబ్బాయి వచ్చేదాకా ఆగి, అందరూ ఉండగానే చెప్పేసింది.

"అత్తయ్యా, మీ కార్డు పోతుందని నాకు ముందే తెలుసు."

"అదేంటి?" అన్నాడు అబ్బాయి.

"తెలుసండీ. రోజంతా జనానికి చెప్పే మాటే అది. చెబితే అత్తయ్య వద్దంటారని చెప్పలేదు. పాపని చూసుకోవడానికి ఇంట్లో ఉంటారని... ఉండమని అడగలేక ఇలా చేశాను. మిమ్మల్ని లోపల పెట్టి తాళం వేసినట్టు చేశాను అత్తయ్యా."

అత్తగారు అన్నం గిన్నె మీద మూత సరిచేసింది.

"నాకు తెలుసు" అంది.

"తెలుసా?"

"ఆ రోజు ఆ బల్ల చరిచే ఆయన మీవాళ్లే మార్చారు అంటుంటే నువ్వు తలెత్తలేదు. తెలియక చేసినదానివైతే తలెత్తేదానివి." ఇన్నాళ్లూ బిగబట్టుకున్నదంతా అప్పుడొచ్చింది ఆవిడకి. "నేనింత తిండి తింటున్నందుకు పిల్లని చూడలేనా? అడిగితే చూడనా? ఒక్క మాట అడగడానికి నోరు రాలేదా నీకు? నాదంటూ ఉన్నది ఆ అట్టముక్క ఒక్కటి! అది చూపిస్తే తలుపు తెరుచుకుంటుంది, ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడొస్తావు అని ఎవరూ అడగరు. దాన్ని కూడా మీరే తీసేసుకుని, డబ్బులిస్తాం, ఎక్కడికో చెప్పు అంటారా?"

చివరి మాట కొడుకుని చూసి అంది. అతనికి తల కొట్టేసినట్టయింది.

"అది కాదమ్మా... నీకు కళ్లు తిరిగాయని భయమేసింది. మళ్లీ పాత బీమాకి మారితే పెద్దాసుపత్రి ఉండదు. రేపేమన్నా అయితే?"

"అయితే చిన్నాసుపత్రికి తీసుకెళ్లు. ఆసుపత్రి రోగమొచ్చిన రోజే కావాలి నాన్నా. బస్సు నాకు రోజూ కావాలి."

అబ్బాయి భార్య వైపు చూశాడు, ఏదో ఒకటి చెప్పమన్నట్టు. ఆమె కళ్లు తుడుచుకుని, "అత్తయ్య చెప్పినట్టే చేద్దామండీ" అంది. అతను లేచి తల్లి పక్కకి వచ్చి కూర్చుని, "కళ్లు తిరిగితే మాత్రం ఫోన్ చెయ్యమ్మా. ఎక్కడున్నావని అడగను, వచ్చి తీసుకొస్తా" అన్నాడు. "ఎక్కడున్నానో చెప్పకపోతే ఎలా వస్తావురా వెర్రినాగన్నా" అని ఆవిడ నవ్వేసింది. ఆ ఇంట్లో నవ్వు వినబడి చాలా రోజులైంది.

కోడలు ఆఫీసు బీమాలోంచి పేరు తీయించింది. ప్రభుత్వ బీమాలో మళ్లీ చేర్చడానికి అత్తగారితో కలిసి వరసల్లో నిలబడింది. రోజూ అద్దానికి లోపల కూర్చునే మనిషికి బయట నిలబడితే కాళ్లెలా లాగుతాయో తెలిసొచ్చింది. పాప సంగతి మొహమాటం లేకుండా అడిగింది. వారంలో కొన్ని సాయంత్రాలు నానమ్మ, మిగతావి పక్కింటావిడ అని తేలింది. ఇంత సులువుగా తేలేదాన్ని పట్టుకుని ఎంత చేశాను అనుకుంది.

చివరికి మూడో కిటికీలో స్టాంపు నంబరు కొట్టి, "పచ్చ!" అని బల్ల మీద చరిచాడు. రెండో కిటికీలో కోడలికి కళ్లు చెమర్చాయి. తర్వాతి మనిషి తన నంబరు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున్న అద్దం దగ్గర అదే తోపులాట. స్టూలు మీంచి లేచి అత్తగారు చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

"వెళ్లొస్తా."

అబ్బాయి నోరు తెరిచి మూసుకున్నాడు. "మంచిదమ్మా" అన్నాడు.

సాయంత్రం కోడలు వంటింట్లో ఉండగా ఆవిడ వచ్చింది. మొహం ఎండకి కమిలినా కళగా ఉంది. గట్టు మీద సంచి పెట్టి, కాసేపు అటూ ఇటూ తచ్చాడింది.

"ఎక్కడికెళ్లానో అడగవే?"

"అడగను అత్తయ్యా."

"అందుకే చెప్తాను." ఆవిడ గొంతు తగ్గించింది, పెద్ద రహస్యం చెబుతున్నట్టు. "ఎక్కడికీ లేదు. మొదటి స్టాపులో ఎక్కుతా, చివరి స్టాపు దాకా వెళ్తా, మళ్లీ అదే బస్సులో వస్తా. కిటికీ పక్కన కూర్చుంటా. అంతే."

"అంతేనా? ఇన్నేళ్లూ?"

"అంతే. చెబితే నవ్వుతారని చెప్పలేదు."

కోడలు నవ్వలేదు. చేతిలో గరిట అలాగే ఉంది. పొద్దున్నే వంటిల్లు, తర్వాత రెండో కిటికీ, మళ్లీ వంటిల్లు. ఎక్కడికీ వెళ్లకుండా ఊరికే కిటికీ పక్కన కూర్చుని తను ఎన్నాళ్లయిందో! ఉన్నట్టుండి దుఃఖం పొంగుకొచ్చింది. అత్తగారు గరిట తీసుకుని పక్కన పెట్టి, ఆమె తలని తన భుజానికి ఆనించుకుంది.

"నాకు తెలుసమ్మాయ్" అంది వీపు నిమురుతూ. "ఆదివారం నువ్వూ రా. వాళ్లిద్దర్నీ ఇంట్లో ఉండనీ. కిటికీ సీటు నీకే ఇస్తాలే."

"నాకు పూర్తి ఛార్జీ అత్తయ్యా" అంది కోడలు ఏడుస్తూనే.

"పడితే పడనీ. ఎక్కడికి అని మాత్రం అడక్కు."