జానెడు అంచు

తాయారు ఇంట్లో మనుషులకంటే బొంతలే ఎక్కువ. మనిషి ఆవిడ ఒక్కతే, బొంతలు రెండువందల పన్నెండు. శ్రీకాకుళంలో అద్దెకున్న మేడమీది మూడు గదుల్లో రెండు వాటికే ఇచ్చేసింది. ఇనప బీరువాల నిండా బొంతలు, మడతల మధ్య వేపాకు, కలరా ఉండలు. కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరై నాలుగేళ్ళయినా ఆ చరిత్ర ఆవిణ్ణి వదల్లేదు. రాజుల సంగతి ఎవరైనా రాస్తారు, పాత చీరల్ని పొరలు పొరలుగా కుట్టిన ఆడవాళ్ళ సంగతి ఎవరు రాస్తారని నెల్లిమర్ల నుంచి కోటబొమ్మాళి దాకా గడపగడపా తిరిగింది. ఇప్పుడు మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. పుస్తకం ఒక్కటి పూర్తయితే చాలు, ఆ తర్వాత కంటినిండా నిద్రపోతానని కనిపించిన వాళ్ళందరికీ చెబుతోంది.

పుస్తకానికి మిగిలింది ఒక్కటే, కళింగపట్నంలో దేముడమ్మ బొంత.

దేముడమ్మ చేపలు ఎండబెట్టి అమ్ముకునే మనిషి. ఆమె మొగుడు సోములు ముప్పయ్యేళ్ళ కిందట సముద్రం మీద చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. ఆ వాడలో అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. మగవాడు దూరపు వేటకెళ్తే పెళ్ళాం అతని పాత లుంగీలతో బొంత మొదలుపెడుతుంది. మూడు వైపులా అంచు కుట్టి, నాలుగోవైపు జానెడు మేర వదిలేస్తుంది. మనిషి ఇంటికొచ్చి ఆ సందులో చెయ్యి పెట్టి తీశాకే అదీ కుడుతుంది. సోములు బొంతకి ఆ జానెడు అలాగే ఉండిపోయింది.

మూడేళ్ళు బతిమాలినా ఇవ్వని బొంతని ఈ కార్తీకంలో దేముడమ్మ తనంతట తనే ఇచ్చింది. కంట్లో శుక్లం తీయించుకోడానికి రెండు రోజులు ఆసుపత్రిలో ఉండాలి, అక్కడ ఎవరైనా పట్టుకుపోతారని భయం. ఇచ్చేముందు తాయారు చెయ్యి పట్టుకుని ఆ సందులో పెట్టించింది. లోపల మెత్తగా, వెచ్చగా ఉంది, అంతే.

"రోజూ రాడమ్మా," అంది దేముడమ్మ గొంతు తగ్గించి. "వొచ్చిన రోజు నా సెయ్యి పట్టుకుంటాడు. కుడిసేతికి సిటికినేలు లేదు ఆడికి, తాడులో పడి తెగిపోనాది. అలాగ పోల్సుకుంటాను. ఏటి సేసినా గానీ, ఆ అంచు మాత్రం ముయ్యకు."

తాయారు బుద్ధిగా తలూపింది. ముసలిదాని చాదస్తం అనుకోలేదు గానీ, ఈ మాట పుస్తకంలో ఏ అధ్యాయంలో పెట్టాలా అని ఆలోచించింది. అదీ ఆవిడ వరస.

రెండోరోజు మధ్యాహ్నానికి ముసురు పట్టింది. కరెంటు పోయింది. మూడింటికే గదిలో దీపాలు పెట్టే వేళంత చీకటి. తాయారు కిటికీ దగ్గర బల్ల మీద బొంత పరిచి ఫొటోలు తీసింది. కొలతలు రాసుకుంది. కాటాకి తగిలించి తూచింది. రెండు కిలోల మీద కాస్త. ముందు రాత్రంతా మోకాళ్ళ నొప్పితో నిద్ర లేదేమో, కళ్ళు మూతలు పడుతున్నాయి. ఏ బొంతకైనా అంచు ఊడి ఉంటే పురుగు చేరుతుంది, కుట్టేశాకే బీరువాలో పెట్టాలి. ఇన్నేళ్ళుగా ఆవిడ చేస్తున్నది అదే పని. కళ్ళు నిద్రపోయినా చేతులు నిద్రపోలేదు. సూదిలో దారం ఎక్కించి, చిన్న చిన్న కుట్లతో అంచు మూసేసి, దారం పంటితో కొరికేసింది.

కొరికాక గుర్తొచ్చింది.

అయ్యో అనుకుంది గానీ లేవలేదు. తర్వాత విప్పేద్దాంలే అని కుర్చీలోనే తల వాల్చేసింది.

వాసనకి మెలకువ వచ్చింది. ఉప్పునీరు, నానిన తాడు కలిసిన వాసన. ఎక్కడో చుక్క చుక్కగా నీళ్ళు పడుతున్నాయి. తలెత్తి చూసింది, పైకప్పు పొడిగానే ఉంది. చుక్కలు బల్ల అంచునుంచి పడుతున్నాయి.

బొంతని ఎత్తబోయింది. లేవలేదు. రెండు చేతులతో పట్టి లాగింది... కదల్లేదు.

అప్పుడు కొత్త కుట్టు వెంబడి, గుడ్డ లోపలినుంచి, ఏదో మెల్లగా జరిగింది. ఈ చివర్నుంచి ఆ చివరికి. అక్కడ ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది... ఈసారి తొందరగా. చీకట్లో తలుపు గడియ కోసం తడుముకున్నట్టు. తర్వాత కొట్టడం మొదలైంది. లోపలినుంచి. చప్పుడు లేకుండా.

"ఉండు..." అంది తాయారు. "తీస్తున్నా... ఉండు."

కత్తెర అందుకుంది. ఒక్కో కుట్టూ తెంపింది. ఆఖరి కుట్టు తెగగానే బొంత ఒక్కసారిగా అణిగి, మామూలు బొంతలా పడి ఉంది. ఎత్తితే తేలిగ్గా లేచింది. వాసన పోయింది. నేల మీద మాత్రం తడి చార ఒకటి బల్ల దగ్గర్నుంచి లోపలి గదులవైపు సాగి ఉంది. తాయారు బల్ల దగ్గరి మేర గుడ్డతో తుడిచేసింది. ఎంతవరకు వెళ్ళిందో చూడలేదు. చూసే ఓపిక లేదని తనకి తానే చెప్పుకుంది.

మర్నాడు పొద్దున్నే బొంత తీసుకుని కళింగపట్నం బస్సెక్కింది. దేముడమ్మ నల్లకళ్ళద్దాలతో గుమ్మంలో కూర్చుని ఉంది. బొంత ఒళ్ళో పెట్టుకుని సందులో చెయ్యి పెట్టింది. చాలాసేపు అలాగే ఉంది. పక్కింట్లో ఎవరో చేపలు తిరగేస్తున్నారు.

"లేడు," అంది.

తాయారు దాచలేదు. పొరపాటున కుట్టేశానని, మళ్ళీ విప్పేశానని చెప్పేసింది. తిడుతుందనుకుంది. తిడితే బాగుండుననుకుంది కూడా.

"ఎక్కడ దింపీసినావమ్మా ఆడిని?" అంది దేముడమ్మ నెమ్మదిగా. "కనబడితే ఫోన్ సెయ్యి. పడతా లేస్తా వొచ్చీస్తాను," అంది.

తిరుగు బస్సులో తాయారు ముక్కూ మొహం తెలియని వాళ్ళ మధ్య కూర్చుని ఏడ్చింది. ముప్పయ్యేళ్ళుగా ఒక మనిషి పట్టుకున్న చేతిని, ఒక్క కునుకుపాటులో తను విడిపించేసింది.

ఇంటికొచ్చాక బీరువాలన్నీ తెరిచింది. రెండువందల పన్నెండింటి అంచులూ తడిమి చూసింది. అన్నీ మూసే ఉన్నాయి. సాయంత్రానికి ఇక నిలబడలేక మంచం మీద కూలబడి, కాళ్ళ దగ్గరున్న బొంత పైకి లాక్కుంది. అది వాళ్ళమ్మ కుట్టింది, ఏ లెక్కలోకీ రానిది. రోజూ కప్పుకునేది.

దాని అంచు జానెడు మేర విప్పి ఉంది. ఆ చోట తడి.

తాయారుకి భయం వేయలేదు. గుండెల మీంచి బండ దించినట్టయింది. ఇక్కడే ఉన్నాడు. ఎడమచేత్తో దేముడమ్మకి ఫోన్ చేసింది. అది మోగుతుండగానే, అడిగితే రూఢిగా చెప్పాలి కదా అని, కుడిచెయ్యి సందులో పెట్టింది. మణికట్టు దాకా. ఇంకాస్త లోపలికి. చల్లగా ఉంది... ఓ బొంతలో ఉండాల్సిన దానికంటే చాలా లోతుగా ఉంది.

ఒక చెయ్యి వచ్చి ఆవిడ చేతిని మెల్లగా పట్టుకుంది.

"సోములూ," అంది తాయారు గుసగుసగా. "నిన్ను మీ ఆవిడ దగ్గరికి తీసుకెళ్తాను."

పట్టు బిగిసింది.

"దొరికినాడా అమ్మా?" ఫోన్లో దేముడమ్మ గొంతు. "సూసినావా? ఆడేనా?"

అవునని చెప్పబోతూ తాయారు ఆ కుడిచేతి వేళ్ళని ఒక్కొక్కటే తడిమింది. బొటనవేలు. చూపుడువేలు. మధ్యవేలు. ఉంగరపువేలు...

దాని పక్కన, చల్లగా, నిండుగా, చిటికినవేలు.