ఆముదం తాగిన కారు

సూర్యారావు కర్ర ఒక కొసను పెరట్లోని పాత కారు ఇంజిన్‌కు ఆనించి, రెండో కొసను చెవికి పెట్టుకున్నాడు. ఆయన రైల్వే షెడ్డులో ఫిట్టరు. ఇంజిన్ రోగాన్ని అక్కడ ఇలాగే కనిపెడతారు.

పక్కనే ఉన్న కూతురు వరహాలుకి కాలు ఒకచోట నిలవడం లేదు.

"బాగుందా నాన్నా? సెప్పవేటి?"

"లోపల టక్‌టక్‌మంటంది. ఇంజిన్ దింపి, మొత్తం విప్పి బాగుచెయ్యాలేమో. ఓ నెల పడద్ది."

"మరి ఆదివారం?"

"రేపు పొద్దున్న మళ్ళీ ఇంటాను. దింపాలో వద్దో అప్పుడు సూద్దాం."

అయ్యో రామ! ఆదివారం అభన్‌పూర్ వెళ్ళాలి కదా! అక్కడ చిన్నమ్మకు బాబు పుట్టాడు. ఎవరో దొర వదిలేసి వెళ్ళిన పాత కారే కావచ్చు. అయితేనేం? ముందు సీట్లో కూర్చుని, హారన్ కొట్టుకుంటూ చిన్నమ్మ వాకిట్లో దిగాలని వరహాలు ఆశ. రాయపూర్ రైల్వే కాలనీలో తను ఈ సంగతి చెప్పని పిల్ల లేదు.

ఆ సాయంత్రం మామ్మ పైడమ్మ మోకాళ్ళకు ఆముదం రాసుకుంటోంది.

"కిర్రుకిర్రుమంటన్నాయే గుంటా! ఆముదం పడితే గానీ నోరు ముయ్యవు."

వరహాలు సీసా వైపు చూసింది. తర్వాత పెరట్లో కారు వైపు చూసింది. మామ్మ అలా లోపలికి వెళ్ళిందో లేదో, ఇలా సీసాతో పెరట్లోకి పరుగెత్తింది. నాన్న ఆయిల్ పోసే మూత ఎక్కడుందో తనకు తెలుసు. సీసా మొత్తం అందులో ఒంపేసింది.

మర్నాడు కర్ర చెవికి పెట్టుకున్న సూర్యారావు ముఖం వెలిగిపోయింది.

"అరే! చప్పుడు తగ్గిపోయిందే! దింపక్కర్లేదు. వచ్చేటప్పుడు చిన్నమ్మనీ పసిగుడ్డునీ కార్లోనే తెచ్చేద్దాం."

వరహాలు ఎగిరి గంతేసింది. కానీ మధ్యాహ్నం మామ్మ మోకాళ్ళు పట్టుకుని మూలుగుతుంటే, ఆ సంబరం కాస్తా ఇగిరిపోయింది. రాత్రి రాసిన ఆముదం పగటికే పనిచెయ్యడం లేదు! మరి కారు? నడిరోడ్డు మీద, మండుటెండలో, పసివాడితో ఆగిపోతే?

అంతలో మామ్మ ఇల్లు పీకి పందిరేసింది.

"ఒలే, నా ఆముదం సీసా ఏదే? బాబు మాడుకి పెట్టాల! ఆ పిల్లి ముండే దొర్లించేసుంటాది!"

పాపం, పిల్లికి రెండు దెబ్బలు కూడా పడ్డాయి. వరహాలు లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉంది. కూర్చుంటే భయం, లేస్తే భయం.

ఆదివారం రానే వచ్చింది. మామ్మ మూటతో సహా కారెక్కింది. సూర్యారావు ఇంజిన్ తిప్పే హ్యాండిల్ పట్టుకున్నాడు.

"నాన్నా, తిప్పకు!" వరహాలు బావురుమంది. "ఇంజిన్ బాగవలేదు. నేనే ఆముదం పోసేశాను. పిల్లి కాదు!"

"ఓలమ్మో! నా ఆముదం కారు తాగేసిందా!" అంది మామ్మ.

సూర్యారావు నవ్వలేదు. హ్యాండిల్ కింద పెట్టి అన్నాడు, "నొప్పుందని అది సెప్పుకునేది ఆ చప్పుడుతోనే అమ్మలూ. దాని నోరే నొక్కేస్తే ఎలాగ?"

ఆ రోజు చిన్న రైల్లో, జనం మధ్య నలుగుతూ వెళ్ళారు. దారి పొడుగునా మామ్మ సణుగుడే.

మర్నాడే ఇంజిన్ కిందికి దిగింది. విప్పిన ముక్కలన్నీ కిరసనాయిల్‌తో కడగడం వరహాలు పని. చేతులు ఎంత రుద్దినా ఆ వాసన వదిలేది కాదు.

నెల దాటాక కారు మళ్ళీ సిద్ధమైంది. చిన్నమ్మనూ బాబునూ తెచ్చే రోజది. కాలనీ పిల్లలంతా చుట్టూ మూగారు. మామ్మ కొత్త సీసాను ఒళ్ళో గట్టిగా పట్టుకుని వెనక కూర్చుంది.

సూర్యారావు ఇంజిన్ స్టార్ట్ చేసి, కర్ర కూతురికి ఇచ్చాడు. "ఈసారి నువ్వు ఇను."

వరహాలు చెవి ఆనించింది. గుర్రుమని ఒకే తీరున పోతోంది. హమ్మయ్య! కానీ ఆగు... ఎక్కడో లోపల చిన్నగా, టిక్. మళ్ళీ టిక్.

"బేగి కానీయే! ఎండెక్కిపోతంది!" మామ్మ కేక.

"చలో, చలో!" పిల్లలు చప్పట్లు కొట్టారు.

ముందు సీటు ఖాళీగా ఎదురుచూస్తోంది. వరహాలు దాని వైపు ఒక్కసారి చూసింది.

"నాన్నా, లోపల ఇంకా ఎక్కడో టిక్కుమంటంది."

కర్ర నాన్న చేతిలో పెట్టి, తనే వెళ్ళి వెనక తలుపు తీసింది.

"మామ్మా, దిగు."