అరచేతి తడి

మిట్టమధ్యాహ్నం పన్నెండు. నీడలు కాళ్ల కిందికి చేరే వేళ... పార్కులో ఒక్క పిట్ట కూయడం లేదు. పట్టపగలే ఒక గుడ్లగూబ తొర్రలోంచి వచ్చి కొమ్మ మీద కూర్చుంది.

ఆ చెట్టును కొట్టబోయే మనిషిని ఊరంతా ‘రంపం’ అనేవారు. ఇరవై రెండేళ్లుగా పండక్కి పార్కులో ఒక చెట్టును ఎంచి, కొట్టి, చౌరస్తాలో నిలబెట్టి దీపాలు తగిలించేది అతనే. దీపాలు వెలిగినప్పుడు మోగే చప్పట్లూ అతనివే.

ఈ ఏడు ఆ చప్పట్లు తమ్ముడికి పోయేలా ఉన్నాయి. తమ్ముడు వెల్డరు. ఏటా విప్పి బిగించుకునే ఇనుప చెట్టు చేశాడు. అతని భార్య మున్సిపల్ సమావేశంలో లేచి అడిగింది.

“పది రోజుల ముచ్చటకి నలభై ఏళ్ల ప్రాణం తీయాలా?”

సభ్యులు తలలూపారు. ఆ పూట రంపానికి ముద్ద దిగలేదు.

తాత పెట్టెలో ఒక క్షుద్ర గ్రంథం, ఒక పక్షి కపాలం ఉన్నాయి. గ్రంథం తెరిచాడు. ‘ఎవరి ఒంటిది చెట్టులో చేరుతుందో, చెట్టు పడినప్పుడు వారూ పడతారు. ఆఖరున చేరిందే చెల్లుతుంది.’

మరదలి దువ్వెన నుంచి మూడు వెంట్రుకలు తీశాడు. కపాలంలో కుక్కాడు. చెట్టు మొదట్లో బెజ్జం తొలిచి అందులోకి తోశాడు.

ఓటింగు రోజున మరదలు మాట్లాడటానికి లేచింది. నోరు తెరిచింది. కొమ్మ విరిగిన చప్పుడు వచ్చింది! తర్వాత ఆమెది కాని గొంతు...

“కొట్టండి... కొట్టండి!”

కుప్పకూలింది. చేతుల మీద చర్మం బెరడులా పగిలింది. అడ్డుపడిన ఆమే కొట్టమన్నాక ఇంకేముంది? చెట్టు కొట్టాలని తీర్మానమైంది.

తమ్ముడు వచ్చాడు. “అన్నయ్యా, డాక్టరుకే అంతుపట్టడం లేదు. ఆ చెట్టు ఊగితే నీ మరదలి ఒళ్లు ఊగుతోంది. ఈ ఒక్క ఏడూ ఆగు.”

“మీ ఆవిడే కదరా కొట్టమంది? నువ్వెళ్లి నీ ఇనుము తుప్పు పట్టకుండా చూసుకో.”

ఇప్పుడు పన్నెండు. జనం మూగారు. చెట్టుకు మోకు కట్టారు. రంపం అరచేతుల్లో ఉమ్ముకుని రుద్దుకున్నాడు. మొదలు మీద మూడుసార్లు చరిచాడు. గూళ్లలో పిట్టలుంటే లేచిపోవాలని తాత నేర్పిన పద్ధతి. ఏ చెట్టుకీ అది మానలేదు. మూడో దెబ్బ బెజ్జం మీద పడింది. తడి లోపలికి దిగింది.

గుడ్లగూబ ఎగిరిపోయింది.

కోత మిషను పళ్లు బెరడులో దిగాయి. రంపం మడమ పైన చర్మం తెగింది.

పార్కు ఎదురింట్లోంచి మరదలు పరుగెత్తుకొచ్చింది. చేతుల మీద పగుళ్లు లేవు.

“ఆపండి బావగారూ! అది నన్ను వదిలి మిమ్మల్ని పట్టుకుంది! మీ కాలు చూసుకోండి!”

చూసుకున్నాడు. బూటు నిండా నెత్తురు. అరచేయి చూసుకున్నాడు. అర్థమైంది. మిషను ఆపాడు. కోత సగానికి వచ్చింది, చెట్టు నిలబడే ఉంది. ఇక్కడితో వదిలేస్తే చెట్టూ బతుకుతుంది, తనూ బతుకుతాడు.

గుంపులోంచి ఎవరో అరిచారు. “ఏంటి రంపం, అప్పుడే ఆయాసమా? చేతకాకపోతే చెప్పు, మీ తమ్ముడి చెట్టు రెడీగా ఉంది!”

నవ్వులు. వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. తమ్ముడి కోసం.

“నోళ్లు ముయ్యండ్రా!”

మిషను మళ్లీ మోగింది.

“అన్నయ్యా, వద్దు!”

తమ్ముడు రెండడుగుల దూరంలో ఉండగా, మబ్బు లేని ఆకాశం ఉరిమింది... చెట్టు పడింది! ఒక్క కొమ్మా రంపానికి తగల్లేదు. అతనూ పడ్డాడు. చెట్టు పడిన వైపే, మోకాళ్లు వంగకుండా.

ఆ ఏడు చౌరస్తాలో ఇనుప చెట్టు నిలబడింది. చప్పట్లు మోగినప్పుడు తమ్ముడు తల ఎత్తలేదు.

నాలుగో వారం పార్కులో మోడు అంచున మూడు చిగుళ్లు వచ్చాయి. మరదలు రోజూ నీళ్లు పోస్తోంది. పడ్డాక లేవడం చెట్టుకు తెలుసు. ఆ సంగతి గ్రంథంలో లేదు.